సున్న మధ్యలో ఖాళీ

ఇంక్‌స్కేప్‌లో రెండు షేపుల్ని ఒకటి చేయడానికి మూడు దారులున్నాయి: గ్రూప్, కంబైన్, యూనియన్. చూడ్డానికి మూడూ ఒకటే అనిపిస్తాయి. మళ్ళీ విడదీయాల్సి వచ్చినప్పుడే అసలు తేడా తెలుస్తుంది.

గ్రూప్ అంటే అన్నిటినీ ఒకే సంచిలో వేయడం. దేని రంగు దానిదే. అన్‌గ్రూప్ కొడితే విడిపోతాయి. కంబైన్ చేస్తే అన్నీ ఒకే పాత్ అవుతాయి, రంగూ ఒకటే. అయినా గీతలు లోపల అలాగే ఉంటాయి కాబట్టి బ్రేక్ అపార్ట్‌తో విడదీయొచ్చు. యూనియన్ అలా కాదు. ఒకదానిపై ఒకటి ఎక్కిన చోట గీతల్ని చెరిపేస్తుంది. వెంటనే అన్‌డూ చేస్తే సరే, సేవ్ చేసి ఫైల్ మూసేస్తే ఆ గీతలు ఇక దొరకవు.

నేను స్టిక్కర్ షాపులో పనిచేస్తాను. మాకు యూనియన్ తప్పదు. కొన్ని తెలుగు ఫాంట్లలో తలకట్టు, దీర్ఘం అక్షరం మీదకి ఎక్కి ఉంటాయి. స్క్రీన్ మీద ఆ సంగతి తెలీదు. కటింగ్ ప్లాటర్ కత్తి మాత్రం ప్రతి గీత వెంటా వెళ్ళి అక్షరాన్ని ముక్కలు చేస్తుంది.

మొన్న ఒక ఆటో అన్న వెనక అద్దానికి 'బంగారం' అని పీడీఎఫ్ పంపాడు. వాళ్ళ పాపని అలాగే పిలుస్తాడట. సున్నలు ఎరుపులో, మిగతాది పసుపులో కావాలన్నాడు. పదమంతా ఒకే పాత్. బ్రేక్ అపార్ట్ కొట్టగానే సున్నలు నిండు చుక్కలయ్యాయి, 'ర' కడుపూ పూడిపోయింది. సున్నంటే రెండు గీతలు కదా, బయటొకటి, లోపలొకటి. విడదీస్తే లోపలిది కూడా సొంతంగా రంగు నింపుకుంటుంది. అప్పుడే యూనియన్ కొడితే లోపలి గీత మాయం. ఇక కత్తి అక్కడ ఖాళీ కోయదు. చుక్కలు రెండూ అద్దానికి అతుక్కుంటాయి.

అందుకే ముందు సున్న రెండు గీతల్నీ సెలెక్ట్ చేసి కంట్రోల్ కె, అంటే కంబైన్. ఖాళీ తిరిగొచ్చింది. 'ర'కీ అంతే. ఆ తర్వాతే పసుపు అక్షరాలకి యూనియన్. కొత్త వెర్షన్లలో స్ప్లిట్ పాత్ ఉంది, అది ఖాళీల్ని పోనివ్వకుండానే విడదీస్తుంది.

మీరూ పేరో లోగోనో చేస్తుంటే, యూనియన్‌కి ముందు ఒక కాపీ పక్కన పెట్టుకోండి. టెక్స్ట్‌ని పాత్‌గా మార్చే ముందు కూడా. పాత్ అయ్యాక అక్షరదోషం కనిపించినా టైప్ చేసి దిద్దలేరు.