కారు లైట్లు, ఆయన కళ్లు

పోయిన కార్తీకంలో సంగతి. బోధన్‌లో మా ఆడబిడ్డ మనవరాలి తొట్టెలకు పోయి కోటగిరికి తిరిగొస్తుంటే చీకటి పడింది. రుద్రూర్ దాటాక రోడ్డుకు ఒక పక్కంతా వడ్లే. కోతలప్పుడు మా దిక్కు సగం రోడ్డు కల్లమే కదా. కుప్ప మీద నల్ల పట్టా, అది గాలికి లేవకుండా చుట్టూ రాళ్లు. నేను "ఏమండీ, రాళ్లు!" అని అరిచేదాకా మా ఆయనకు కనపడలేదు. బండిని గబుక్కున పక్కకు తిప్పి ఆపారు. వెనక కూర్చున్న అత్తమ్మ తల ముందు సీటుకు తగిలింది. కుప్పకు అవతల ఒక పెద్దాయన వడ్లకు కావలి పడుకుని ఉన్నాడు. లేచి కూర్చుని మా వైపు చూశాడు. ఒక్క మాట అనలేదు. ఆ చూపు నాకు ఇప్పటికీ మర్చిపోబుద్ధి కాదు.

"లైట్లు గుడ్డివైపోయినయ్" అన్నారు ఇంటికొచ్చాక మా ఆయన.

మాది 2009 వ్యాగన్ ఆర్. అమ్మేసి కొత్తది కొనమంటాడు హైదరాబాద్‌లో ఉన్న మా అబ్బాయి. ఈ బండిలోనే వాణ్ణి హాస్టల్‌కు దింపి వచ్చాం. అమ్మాలంటే మనసు రాదు.

స్పేర్ పార్టుల షాపులో 100/90 వాట్ల బల్బులు వేసుకోమన్నారట. ఆయన తీసుకొచ్చారు కూడా. మా ఊరి మెకానిక్ అబ్బాయి అవి చూసి, "వద్దక్కా, ఈ బండికి 60/55 బల్బులే. పెద్దవి పెడితే వేడికి హోల్డర్ కరిగిపోతది, వైరు కాలుతది" అన్నాడు. మరి ఎల్ఈడీ అంటే దానికీ తల అడ్డంగా ఊపాడు. లోపలి అద్దం పాత బల్బు తీగ ఎక్కడ వెలుగుతుందో లెక్క చూసి చేసిందట. ఏదో ఒక ఎల్ఈడీ పెడితే వెలుతురు చెదిరి ఎదుటివాళ్ల కళ్లల్లో పడుతుంది, మన రోడ్డు మీద పడదు.

తర్వాత మీటర్ పెట్టి చూపించాడు. ఇంజన్ నడుస్తుంటే బ్యాటరీ దగ్గర 14 వోల్టులు, బల్బు దగ్గరికొచ్చేసరికి 12 కూడా లేవు. ఊళ్లో అందరూ బోరు మోటార్లు వేస్తే మన మిక్సీ మూలిగినట్టే అన్నమాట. పాత వైర్లు, తుప్పు పట్టిన ఎర్తు మధ్యలోనే కరెంటు తినేస్తున్నాయి. వోల్టేజీ 10 శాతం తగ్గితే వెలుతురు 30 శాతం దాకా పడిపోతుందట. ఎర్తు గీకి బిగించాడు. బ్యాటరీ నుంచి నేరుగా మందమైన వైరు లాగి, మధ్యలో ఫ్యూజు, రిలే పెట్టాడు. అన్నీ కలిపి ఏడు వందలయ్యింది.

ఇక పైనున్న ప్లాస్టిక్ అద్దాలు. ఎండకు పసుపు నీళ్లు చల్లినట్టు అయిపోయినయ్. టూత్‌పేస్ట్‌తో రుద్దితే పోతుందని నేనెక్కడో చూశాను. రుద్దితే పోయింది, మళ్లీ నెలకే వచ్చింది. ఈసారి సరిగ్గా చేద్దామని పెయింటుకు తగలకుండా చుట్టూ టేపు అంటించి, నీళ్లు పోస్తూ వాటర్ పేపర్‌తో నేనే రుద్దాను. ముందు 1000 నంబరు, తర్వాత 2000, చివర 3000. మొదట అద్దం తెల్లగా మసకబారితే పాడుచేశానేమోనని గుండె జారింది. రబ్బింగ్ కాంపౌండ్ పెట్టి గుడ్డతో తుడిచాక మెరిసింది. ఆరాక ఎండను ఆపే పారదర్శక కోటింగ్ వేయాలి. అది వేయకపోతే పసుపు మళ్లీ వస్తుంది. చివరికి బండిని గోడకు 25 అడుగుల దూరంలో నిలిపి, డిమ్ లైటు పై అంచు దీపం ఎత్తు కన్నా రెండు అంగుళాలు కిందికి పడేలా మెకానిక్ సరిచేశాడు.

ఆ వారమే బాన్సువాడ పోయి రాత్రికి తిరిగొచ్చాం. నాకు రోడ్డు పక్క గడ్డిపోచ కూడా కనిపిస్తోంది. ఆయన మాత్రం స్టీరింగ్ మీదికి వంగి నడుపుతున్నారు. ఎదురుగా లారీ వస్తే కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. "లాభం లేదు, ఎల్ఈడీలే వేయించాలి" అన్నారు.

అప్పుడు నాకు అర్థమైంది. కానీ ముప్పై ఏళ్లుగా బండి నడిపే మనిషికి ఎలా చెప్పేది? 2023లో కంటి వెలుగు శిబిరానికి రమ్మంటేనే "నేనేమన్నా ముసలోణ్ణా" అని కసురుకున్నారు. మూడు రోజులు నాలో నేనే మథనపడి, నాలుగో రోజు పొద్దున చాయ్ ఇస్తూ అన్నాను: "ఏమండీ, ఆ రాత్రి కుప్ప వెనక పడుకున్న పెద్దాయన గుర్తున్నాడా? లైట్లు బాగైనయ్. ఇప్పుడు నాకు కనిపిస్తోంది, మీకు కనిపిస్తలేదు."

కోపమొచ్చింది. చాయ్ చల్లారిపోయింది. మధ్యాహ్నం అన్నం తింటూ, "ఎప్పుడు పోదాం?" అన్నారు.

నిజామాబాద్‌లో చూపిస్తే రెండు కళ్లలో శుక్లాలు. కంట్లో ఉండే అద్దం కూడా వయసుతో పసుపెక్కి మసకబారుతుందని డాక్టరమ్మ చెప్పింది. ఎదుటి లైట్లు చిమ్మినట్టు కనిపించడానికి కారణం అదేనట. దీన్ని మాత్రం రుద్ది బాగుచేయలేం, తీసి కొత్తది పెట్టాల్సిందే. ముందు కుడి కంటికి, నెల తర్వాత ఎడమ కంటికి ఆపరేషన్ అయ్యింది. డాక్టరమ్మ సరేననేదాకా రాత్రిపూట తాళంచెవి నా దగ్గరే ఉంది.

మీ ఇంట్లో కూడా ఎవరైనా రాత్రి లైట్లు సరిపోవట్లేదంటే, ముందు పక్కన కూర్చున్నవాళ్లకు రోడ్డు కనిపిస్తోందో లేదో అడగండి. తప్పు బండిదో కళ్లదో కొంతైనా అర్థమవుతుంది.

కుడి కంటి కట్టు విప్పిన రోజు ఇంటికొచ్చి వంటింటి గోడ వైపు చూసి, "దీనికి సున్నం ఎప్పుడు వేయించినవ్? ఇంత తెల్లగున్నది?" అన్నారు.

వేయించి నాలుగేళ్లయ్యింది.