కడియాలకు ముద్ర లేదు

నేను ఫ్రాన్స్ వెళ్లేముందు ఫీజు కోసం అమ్మమ్మ తన వెండి కడియాలు అమ్మేసింది. పెళ్లికి వాళ్ల నాన్న చేయించినవి. దుకాణంలో గీటు పెట్టి చూసి, ‘కల్తీ ఎక్కువుందమ్మా’ అంటూ మేం అనుకున్నదాంట్లో సగమే ఇచ్చారు. డబ్బు తగ్గినందుకు కాదు, ‘మా నాన్న అలాంటివాడు కాదురా’ అంటూ దారంతా బాధపడింది. చేసిన కంసాలి ఎప్పుడో పోయాడు. కడియాల మీద ముద్రా లేదు. ఎవర్నని అడుగుతాం?

ప్వాతియేలో చదువుతున్నప్పుడు ఓ శనివారం ఫ్రెండ్స్‌తో మెల్ అనే చిన్న ఊరికెళ్లా. అక్కడ ఫ్రాంకు రాజుల కాలంనాటి వెండి గనులున్నాయి. అప్పట్లో రాతిగోడకు ఆనించి కట్టెలు పేర్చి మంట పెట్టేవారు. వేడికి రాయి పగిలితే సీసం ఖనిజం దొరికేది. అదంతా కరిగిస్తే వచ్చేది పిసరంత వెండి. దాంతో ఆ ఊళ్లోనే ‘దెనారియస్’ అనే నాణేలు కొట్టేవారు.

చార్లెమేన్ కాలపు దెనారియస్ ఫొటో చూశా. ఇంచుమించు మన రూపాయి బిళ్లంత ఉంటుంది కానీ బాగా పలచన. బరువు దాదాపు 1.7 గ్రాములే. దాని మీద రాజు పేరుతోపాటు ఊరి పేరూ ఉంది... ‘మెటుల్లో’ అని. 794లో ఫ్రాంక్‌ఫర్ట్ సభలో చార్లెమేన్ తేల్చి చెప్పాడు: నా పేరుండి, వెండి స్వచ్ఛంగా, తూకం సరిగ్గా ఉంటే ఏ ఊళ్లోనైనా ఈ నాణెం తీసుకోవాల్సిందే. ఒక దెనారియస్‌కి రెండేసి పౌండ్ల గోధుమ రొట్టెలు 12 ఇవ్వాలని ధర కూడా కట్టాడు.

అయినా మోసాలు ఆగలేదు. 864లో ఆయన మనవడు చార్లెస్, రాజభవనం కాక ప్యారిస్, నార్బోన్, మెల్ లాంటి 9 చోట్ల మాత్రమే నాణేలు కొట్టాలన్నాడు. నవంబర్ 11 నుంచి పాతవి చెల్లవన్నాడు. అవును, వాళ్లకీ నవంబర్‌లోనే!

కొట్టినవాళ్లు పోయి పదకొండు వందల ఏళ్లు దాటినా, ఆ నాణెం ఎక్కడిదో ఊరి పేరే చెబుతోంది. అమ్మమ్మ కడియాల తరఫున చెప్పడానికి ఒక్క అక్షరం లేదు. అందుకే దుకాణంవాళ్ల మాటే నెగ్గింది.

ఆ రాత్రి వీడియో కాల్‌లో ఇదంతా చెప్పి, ‘తాతయ్య మోసం చేశాడని ఎవరూ తేల్చలేదు అమ్మమ్మా, ముద్ర వేయించలేదంతే’ అన్నా.

కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, ‘నేనూ అదే కదరా అంటున్నా’ అంది.