సీటు బెల్టు పట్టువిడుపులు

ఈ సంచికకు సాహిత్యము పంపక యంత్రమును గూర్చి వ్రాయుచున్నందుకు పాఠకులు మమ్ము మన్నింతురు గాక.

బరంపురమున గుమాస్తాగిరి చేసి విశ్రాంతి పొందిన మాకు, మా అబ్బాయి కారు కొన్నది మొదలు ఒక సందేహముండెను. సీటు బెల్టు పెట్టుకొని ముందుకు వంగినచో అది వెంట వచ్చును, వాలినచో లోనికి పోవును. ఇంత మెత్తని పట్టీ మనిషిని ఏమి ఆపగలదు? దస్త్రములకు కట్టెడి ఎఱ్ఱతాడే నయమని ఎగతాళి చేసెడివారము.

2023 వేసవిలో ఇచ్ఛాపురమునకు పెండ్లికి బయలుదేరితిమి. మేము ముందు సీటున, జరిమానాకు వెఱచి, బెల్టు పెట్టుకొంటిమి. మా ఇంటావిడ వెనుక కూర్చుండి, పట్టుచీర నలుగునని పెట్టుకొనలేదు. మేమును చెప్పలేదు. అంతకు ముందు 2022 సెప్టెంబరులో పాల్ఘర్ వద్ద వెనుక సీటున బెల్టు లేక సైరస్ మిస్త్రీ మరణించిన వార్తను ఆమెకు పత్రికలో చదివి వినిపించినది మేమే. త్రోవలో గేదె అడ్డు రాగా అబ్బాయి బ్రేకు వేసెను. మా బెల్టు బిగిసి మమ్ము నిలిపెను. ఆమె నుదురు మా సీటు తలదిండు కడ్డీకి తగిలి చిట్లెను. మూడు కుట్లు పడినవి. పెండ్లి చూడనేలేదు.

తరువాత షెడ్డులో మెకానిక్కు నడిగితిమి. “మెల్లగా లాగితే వస్తాది బాబూ, ఇసురుగా లాగండి” అనెను. లాగితిమి, రాలేదు. పాత బండినుండి తీసిన పెట్టె యొకటి చూపెను. పట్టీ ఒక కండెకు చుట్టుకొని యుండును. ప్రక్కన గడియారపు స్ప్రింగు వంటి చుట్ట. వదులును లోనికి లాగుకొనునది అదియే. అడుగున చిన్న గిన్నెలో ఉక్కు గుండు. బండి వేగము హఠాత్తుగ తగ్గినచో గుండు దొర్లి పైనున్న మీటను ఎత్తును. మీట పండ్ల చక్రమును పట్టును. దానితో కండె తిరుగుట ఆగును. బండి నిలిచియున్నను, పట్టీని విసురుగ లాగినచో, కండె వేగమునకే మఱియొక కొక్కెము విచ్చుకొని పట్టును. ఇంతకు కరెంటు అక్కఱలేదు. మాకు మెత్తదనముగ తోచినది దాని ఓర్పు మాత్రమే.

భుజముమీదుగ, నడుముమీదుగ పోవు ఈ పట్టీని 1959లో వోల్వో ఇంజనీరు నిల్స్ బోలిన్ రూపొందించెను. ఇతర కంపెనీలును వాడుకొనుటకు ఆ పేటెంటును వోల్వోవారు విడిచిపెట్టిరి.

ఇప్పుడు మా ఇంటావిడ పట్టుచీర మీదనే బెల్టు పెట్టుకొనును. అడుగు పట్టీ కడుపుమీదికి రాకుండ తుంటి ఎముకలమీదికి దించుకొనును. మా పట్టీ మెలిపడినచో వెనుకనుండియే చెప్పును. నుదుటి మచ్చను గూర్చి మాత్రము ఆమెయు అనదు, మేమును అనము.