పట్టికలో లేని తరం

కంప్యూటర్ తరాలు ఎన్ని? ఇంజనీరింగ్ మొదటి ఏడాదిలో మనందరం బట్టీ పట్టిన ప్రశ్నే. 1946 నాటి ఎనియాక్‌లో దాదాపు 18 వేల వాక్యూమ్ ట్యూబులు. తర్వాత ట్రాన్సిస్టర్లు, ఐసీలు. 1971లో వచ్చిన ఇంటెల్ 4004లో గోరంత చిప్పు మీద 2,300 ట్రాన్సిస్టర్లు. అంతా బానే ఉంది గానీ, కోడు రాసేవాడి బతుకు మార్చిన మలుపు మాత్రం ఆ పట్టికలో లేదండీ.

అది 2004. అప్పటిదాకా మన ప్రోగ్రాం నత్తనడక నడిచినా ఫర్వాలేదు, రెండేళ్ళాగితే కొత్త ప్రాసెసరే దాన్ని పరిగెత్తించేది. పెంటియం 4 మాత్రం 3.8 గిగాహెర్ట్జ్ దాకా వచ్చి ఆగిపోయింది. కారణం వేడి. 4 గిగాహెర్ట్జ్ చిప్పుని ఇంటెల్ ఆ ఏడాదే రద్దు చేసుకుంది. 2005 నుంచి వేగానికి బదులు కోర్లు పెంచడం మొదలెట్టారు. నాట్లేసే కూలీ ఇంకా వేగంగా వెయ్యలేడని నలుగుర్ని పెట్టారన్నమాట. పని పంచకపోతే ముగ్గురు గట్టు మీదే కూర్చుంటారు.

ఇప్పటికీ ఆఫీసులో ఏదైనా నెమ్మదిస్తే మొదట వినపడే మాట "పెద్ద సర్వర్ తీసుకుందాం". నాకైతే ఒళ్ళు మండుతుంది. లూపులో లూపు పెట్టి, డేటాబేసుని ఒకదాని తర్వాత ఒకటిగా వెయ్యిసార్లు అడిగే కోడుకి ఎన్ని కోర్లిస్తే ఏం లాభం? ఇన్నేళ్ళూ మన బద్ధకాన్ని హార్డ్‌వేర్ వాళ్ళు మోశారు. ఇక మన వంతు. ఏమంటారు?