మొదటి పేజీలో సంతకం

ఆదివారం పొద్దున ఆబిడ్స్‌లో చాలా దుకాణాల షట్టర్లు దించి ఉంటాయి. వాటి ముందు ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాలు పరుచుకుంటాయి. నాంపల్లిలో ఉండే ఆ రిటైర్డ్ ఉద్యోగి ముప్ఫై ఏళ్లుగా ఆ వారపు బేరం మానలేదు. కొన్న ప్రతి పుస్తకం మొదటి పేజీలో సంతకం, కింద తేదీ. అదో అలవాటు.

కిందటేడు బీరువా సర్దుతూ కూతురు ఆ సంతకాలన్నీ వరసగా చూసింది. 1996లో సగం పేజీ ఆక్రమించిన దర్జా సంతకం 2012 వచ్చేసరికి చిన్నదైంది. 2016లో చీమలబారే. చెయ్యి వణుకుతోందని డాక్టర్ దగ్గరికి వెళ్లింది మాత్రం 2019లో. పార్కిన్సన్స్ అన్నారు. వాసన సంగతీ అంతే. మొజంజాహీ మార్కెట్ దగ్గర బేకరీలో బిస్కెట్లు కాలుతుంటే అంత దూరం నుంచే పసిగట్టే మనిషి, "ఈమధ్య ఆ ఘుమఘుమ లేదు" అనడం మొదలుపెట్టి అప్పటికే చాలా ఏళ్లు. ఆయన ముక్కు పని చేయడం లేదని ఎవరికీ తట్టలేదు.

మెదడు నడిమి భాగంలో నల్లటి కణాల చిన్న గుంపు ఉంటుంది. డోపమైన్ అనే రసాయనం తయారుచేసి మన కదలికలను సాఫీగా నడిపించేది అవే. చెయ్యి వణికేనాటికి వాటిలో సగమో, అంతకంటే ఎక్కువో పోయి ఉంటాయి. ఎందుకు పోతాయి? ఆల్ఫా సైన్యూక్లిన్ అనే ప్రొటీన్ సరిగ్గా మడత పడక, ముద్దలు కడుతుంది. 1912లో ఫ్రిట్జ్ లూయీ అనే డాక్టర్ మైక్రోస్కోపులో చూసి రాసిన ముద్దలు ఇవే. ఆ చెత్త ఊడ్చే ఏర్పాటు కణంలోనే ఉంది కానీ వయసుతో మందగిస్తుంది. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలు పాడైతే, గుర్తుపట్టి తొలగించే పని పింక్1, పార్కిన్ అనే జన్యువులది. అవి చెడితే చిన్న వయసులోనే జబ్బు రావచ్చు. చెత్తబండి రాని గల్లీ ఎలా ఉంటుందో హైదరాబాద్ వాళ్లకు వేరే చెప్పాలా!

ఆ ఇంట్లో గొడవ మాత్రం 'జన్యువు' అన్న మాట దగ్గరే మొదలైంది. మనవరాలికి సంబంధాలు చూస్తున్నారు. "పెళ్లివారు వచ్చినప్పుడు మామయ్యగారిని లోపలి గదిలో కూర్చోబెడదాం. వంశంలో ఉందంటారు" అన్నాడు అల్లుడు. కూతురు ఏమీ అనలేదు. ఆ రాత్రి నిద్రా పోలేదు. తనకూ వస్తుందా? తన పిల్లకూ వస్తుందా? డీఎన్‌ఏ పరీక్షల సీడీఎఫ్‌డీ, ఉప్పల్ వెళ్లకముందు కొన్నేళ్లు ఈ నాంపల్లిలోనే ఉండేది. రోజూ ఆ దారిన తిరిగినా, డీఎన్‌ఏ అంటే ఆమెకు నేరాల వార్తల్లో మాటే.

డాక్టర్ ఓపిగ్గా లెక్క చెప్పారు. ఈ జబ్బు తెచ్చే తొలి జన్యులోపం 1997లో ఇటలీ, గ్రీసు కుటుంబాల్లో దొరికింది. అలాంటి కుటుంబాలు బహు తక్కువ. ఒకే ఒక్క జన్యువు లోపం వల్ల జబ్బు వచ్చేది రోగుల్లో నూటికి ఐదు నుంచి పది మందికే. ఎల్ఆర్ఆర్‌కె2 అనే జన్యువులో పాశ్చాత్య దేశాల్లో ఎక్కువగా కనిపించే మార్పు మన రోగుల్లో అరుదు. అది ఉండి కూడా జీవితాంతం జబ్బు రానివాళ్లు చాలామంది. మిగతావాళ్లలో వయసు, చిన్న చిన్న జన్యు తేడాలు, పురుగుమందుల వంటివి కలిసి పనిచేస్తాయి. డెబ్భై దాటాక బయటపడింది, ఇంట్లో ఇంకెవరికీ లేదు కాబట్టి పరీక్షలు అక్కర్లేదన్నారు.

పెళ్లివారు వచ్చినరోజు ఆయన హాల్లోనే కూర్చున్నారు. టీ కప్పు సాసర్లో టకటకలాడింది. జబ్బు పేరు కూతురే చెప్పింది. వాళ్ల దగ్గర్నుంచి ఇంకా కబురు రాలేదు.

ఆదివారాలు ఆగలేదు. ఇప్పుడు కూతురు తోడు వెళ్తుంది. నడుస్తూ నడుస్తూ ఆయన అడుగు నేలకు అతుక్కుపోతే, ఫుట్‌పాత్ పలకల మధ్య గీత చూపించి దాటమంటుంది. చిత్రంగా కాలు కదులుతుంది. ఇంటికొచ్చాక కొన్న పుస్తకం తెరిచి, మొదటి పేజీలో వేలెడు జాగా వదిలి పెన్సిల్‌తో రెండు గీతలు గీస్తుంది.

"పైగీతకు తగిలేలా పెట్టు నాన్నా."

ఆయన పెడతారు. మూడో అక్షరం దగ్గర కొంచెం కుంగుతుంది. తేదీ ఆమె వేస్తుంది.