ఆటోనగరులో శబ్దపరీక్ష

1966లో నెలకొల్పబడిన విజయవాడ జవహర్ ఆటోనగరులో, లారీలకు బాడీలు కట్టువారి సుత్తిదెబ్బలును లేతు యంత్రముల రొదయు ఎడతెగక సాగు వీథుల నడుమ, పాత అంబాసిడర్ కార్లనే ముఖ్యముగా బాగుచేయు చిన్న షెడ్డొకటి కలదని విని, మిత్రుని కారులో నేనును అచ్చటికి పోయితిని. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి ననుసరించి హిందుస్థాన్ మోటార్స్ వారు నిర్మించి, బెంగాలులోని ఉత్తర్‌పారాలో 2014 వరకు తయారుచేసిన ఆ కార్లలో, మిత్రునిది 1489 సి.సి. పెట్రోలు ఇంజను గలది. దానిలో పుట్టిన చప్పుడు విని, వేరొకచోట ‘ఇంజను బోరుకు వచ్చింది, దించి బోరింగు చేయించాల్సిందే’ యని తేల్చివేసిరట.

వయసు మీరిన మేస్త్రి బానెట్టు ఎత్తనైన నెత్తలేదు. ‘‘ఎప్పుడొస్తుందండీ చప్పుడు? పొద్దున్నే స్టార్టు చేయగానేనా, వేడెక్కాకనా? ఎత్తెక్కేటప్పుడా, యాక్సిలేటరు మీద కాలు తీసినప్పుడా?’’ అని యడిగెను. రోగనిర్ణయములో సగభాగ మీ ప్రశ్నలలోనే యున్నదని నా విశ్వాసము. ఏలయన, అరిగిన సిలిండరులో పిస్టను చేయు చప్పుడు చల్లని యింజనులో హెచ్చుగా నుండి, పిస్టను వేడికి వ్యాకోచించిన కొలది తగ్గును; బరువు లాగునపుడు మాత్రమే గలగలమనినచో టైమింగు ముందునకు జరిగినదేమో చూడవలెను.

‘‘వేడెక్కాకనేనండీ. స్పీడులో కాలు తీస్తే మరీ ఎక్కువ’’ అని మిత్రుడు చెప్పెను.

అంతట ఇంజను నడిపించి, పొడవైన స్క్రూడ్రైవరు మొనను టాపెట్ కవరుపై నాన్చి, పిడిని చెవి వెనుక యెముకకు చేర్చి, ఆయన కనులు మూసికొనెను. పిదప నాకును ఇచ్చెను. క్రాంకు రెండు చుట్లు తిరుగునప్పటికి క్యాం షాఫ్టు ఒక్క చుట్టే తిరుగును గావున, టాపెట్ల సన్నని టిక్కు టిక్కు మెల్లని లయతో పైనుండి వినవచ్చుచుండెను. క్రింద, క్రాంకు కేసు ప్రక్కన, అంతకు రెట్టింపు వడితో రోకటిపోటు వంటి మొద్దు శబ్దము వేరుగా వినబడెను. ‘‘పైది భయం లేదండీ. టాపెట్ కొంచెం మోగాలి. గ్యాపు లేకుండా బిగిస్తే చప్పుడు పోద్ది గాని వాల్వు కాలిపోద్ది’’ అనెను.

తరువాత ప్లగ్గు వైర్లను ఒక్కొక్కటిగా తొలగింపసాగెను. మొదటిది తీసిన మార్పులేదు; రెండవది తీసినను లేదు; మూడవది తీసినంతనే దెబ్బ సన్నగిల్లెను. తిరిగి తగిలింపగా మరల మ్రోగెను. నిప్పురవ్వ లేనిచో పేలుడు లేదు, పేలుడు లేనిచో పిస్టను వదులైన బేరింగును మోదదు. డిప్‌స్టిక్కు తీసి, నూనెబొట్టును వ్రేళ్ళ నడుమ నలిపి, ఎవరో చప్పుడు అణచుటకు మిక్కిలి చిక్కని ఆయిలు పోసిరని గ్రహించెను. అమ్మజూపు పాతబండ్లలో ఇట్లు చేయువారు కలరు. ఇది కొనువానిని వంచించుటయే గాక, చలివేళ బేరింగులకు నూనె త్వరగా చేరనీయక యంత్రమును చంపుట.

సంపు విప్పి చూడగా, మూడవ రాడ్డు బేరింగు పైపూత అరిగి ఎర్రని రాగి బయటపడియున్నది. మైక్రోమీటరుతో కొలువగా క్రాంకు జర్నలు అండాకృతి దాల్చినది. ‘‘కొత్త బేరింగులు వేసి మూసేస్తే కొన్నాళ్ళకే మళ్ళీ మొదలవుద్దండీ. క్రాంకు గ్రైండింగుకి పంపి, దానికి తగ్గ సైజు బేరింగులు వేయాలి’’ అని మేస్త్రి నిర్ణయించెను. నాలుగు సిలిండరుల కంప్రెషనును సమముగానున్నందున, ఇంజను దింపక తప్పలేదు గాని, బోరింగునకును కొత్త పిస్టనులకును కానున్న వ్యయము తప్పినది.

పాతబండ్లు గలవారికి నా మనవి యొక్కటి. ఇట్టి మొద్దు శబ్దము వినబడి, ఆయిలు దీపము కూడ వెలిగినచో, ‘ఇల్లు చేరిన పిదప చూతము’ అనుకొనక అక్కడనే ఇంజను ఆపి, బండిని మరియొక బండికి కట్టి లాగించుకొని పొండు. అట్లే తోలినచో రాడ్డు తెగి బ్లాకును చీల్చుకొని వెలికివచ్చును. అటుపిమ్మట ఏ మేస్త్రియు చేయగలది లేదు.