ఎయిర్ ఫ్రయ్యర్‌లో కంద చిప్స్

కంద పేరెత్తితే గోదావరి జిల్లాల్లో ఎవరికైనా ముందు గుర్తొచ్చేది పెళ్లి భోజనంలో ఆవ పెట్టిన కంద బచ్చలి. చిప్స్ కాదు. నేను చిప్స్ చేద్దామనుకోవడానికి కారణం నాన్న రక్త పరీక్ష రిపోర్టు. ట్రైగ్లిజరైడ్లు ఎక్కువున్నాయి, బీపీ కూడా ఉంది. వేపుళ్లు, ఉప్పు తగ్గించమన్నారు డాక్టరు గారు. నాన్నకేమో రోజూ సాయంత్రం పుష్కర ఘాట్ వైపు నడక, నడక చివర మిరపకాయ బజ్జీ. బజ్జీ మానాలి, నడక మానకూడదు!

అంటే కరకరలాడేది ఏదో ఒకటి ఇంట్లోనే ఉండాలి. రీల్స్ చూస్తున్నారుగా, అరటికాయ నుంచి కాకరకాయ దాకా అన్నీ ఎయిర్ ఫ్రయ్యర్‌లో చిప్స్ అయిపోతున్నాయి. నేను రైతు బజారుకెళ్లి కిలో కంద తెచ్చాను. "దురద పెడుతుందా అండీ?" అంటే "గజేంద్ర అండి, ధైర్యంగా పట్టుకెళ్లండి" అన్నాడాయన. గజేంద్ర మన పక్కదే. రాజమండ్రికి అవతలి ఒడ్డున కొవ్వూరులో ఉద్యాన పరిశోధన స్థానం ఉంది, ఆ రకం అక్కణ్ణుంచే వచ్చింది. దురద బాగా తక్కువ. కందలో దురదంతా సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాల పని. అయినా అమ్మ నమ్మలేదు. చేతులకి నూనె రాసుకో, ముక్కలు చింతపండు నీళ్లలో వెయ్యి అని ఒకటే గోల.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకమ్మా?"

"కత్తిపీట మీద కూర్చున్నది నువ్వే కదే!"

అరకిలో పల్చగా తరిగి, కాస్త ఉడికించి, బట్ట మీద ఆరబెట్టి, చెంచాడు నూనె, మిరియాల పొడి, చిటికెడు ఉప్పు పట్టించాను. మొదటి వాయిలో అంచులు మాడాయి, మధ్యలో రబ్బరు. రెండో వాయి ఇంకా పల్చగా తరిగితే ముక్కలు గాలికి లేచి లోపల ఎగిరాయి. మూడోసారి వేడి తగ్గించి చాలాసేపు ఉంచాను. అట్టముక్కలయ్యాయి. రెండు గంటల కష్టానికి పిడికెడు చిప్స్.

ఎందుకిలా అని చదివితే విషయం తేలిగ్గానే అర్థమైంది. 180 డిగ్రీల నూనెలో ముక్క పడగానే వేడి అన్ని వైపులా ఒకేసారి అంటుకుంటుంది. లోపలి నీళ్లు ఆవిరై బుసబుసా బయటికొస్తాయి, ఆ ఖాళీల్లోకి నూనె చేరుతుంది. కరకర అంటే అదే. కొనే ఆలూ చిప్స్ బరువులో దాదాపు మూడో వంతు నూనే ఉండేది అందుకే. వేడి గాలి అంత వేగంగా వేడినివ్వలేదు. అంచులు ముందే ఎండిపోతాయి, మధ్యలో తడి అలాగే ఉంటుంది. దానికి తోడు శ్రావణ మాసం, గోదావరి గాలి. డబ్బాలో పెట్టినవి మర్నాటికే మెత్తబడ్డాయి.

నాన్న మాత్రం నాలుగు తిన్నారు. "బాగానే ఉన్నాయమ్మా. కొంచెం మంచినీళ్లు పట్రా" అన్నారు. చెప్పులేసుకుని ఎక్కడికో నాకు తెలుసు.

నాకనిపించిందేంటంటే, నూనెతోనే బతికే వంటని నూనె లేకుండా చేసి అదే రుచి రమ్మనడం అన్యాయం. అసలు నూనె అక్కర్లేనివి మన వీధిలోనే ఉన్నాయి. వానాకాలం బొగ్గుల మీద కాల్చిన మొక్కజొన్న పొత్తు, ఉడకబెట్టిన వేరుశనక్కాయలు, చిలగడదుంప, చలికాలం వస్తే తేగలు. వీటికి రీల్స్ ఎవరూ చేయరు, అది వేరే సంగతి. పొత్తుకి ఉప్పు రాయకుండా నిమ్మచెక్క ఒక్కటే రాయమని అడగాలి. పెద్దవాళ్లకి రోజు మొత్తం మీద ఉప్పు 5 గ్రాములు మించకూడదంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ, మన ఆవకాయతో అది ఎంతసేపు?

మిగిలిన అరకిలో కంద అమ్మ బచ్చలితో వండేసింది. నాన్నతో బేరం కుదిరింది: ఆదివారం రెండు బజ్జీలు, మిగతా ఆరు రోజులు పొత్తో, వేరుశనక్కాయలో. మూడు వారాలైంది. మాట మీదే ఉన్నారు. కాకపోతే ఆదివారం నడక నాలుగింటికే మొదలవుతోంది.